తెల్ల గింజలు

కాయలో పురుగు కనపడిందన్న మాట సోమవారం పొద్దున రేవులో పుట్టి, టీ చల్లారేలోపు ఫ్యాక్టరీ గేటు దూకి జల్లెడ బల్ల దాకా వచ్చేసింది. ఆ దీవిలో మంచి మాట నడిచి వస్తుంది, చెడ్డ మాట ఎగిరి వస్తుంది.

"ఎవరి కాయట?" అని అడిగింది జల్లెడక్క, ఊపుతున్న జల్లెడ ఆపకుండా.

"ఇంకెవరిది, మీ ఆడపడుచుదే," అంది పెద్దపిన్ని. ఆ గదిలో అందరికంటే వయసులో పెద్దది కాబట్టి ఆవిడ అందరికీ పెద్దపిన్నే. "ఒక్క జామకాయ కోస్తే పంతొమ్మిది పురుగులట. పడవలో దొంగచాటుగా బయటి పళ్లు తెప్పించుకుందని, వాటితోనే ఈగ దిగిందని ఆఫీసువాళ్లు రాసేశారు. గురువారం చెట్లన్నీ కొట్టేస్తార్ట."

జల్లెడ ఆగింది.

పదకొండేళ్లలో ఆ జల్లెడ పని మధ్యలో ఆగడం ఎవరూ చూడలేదు. ఓసారి గాలివానకి రేకుల కప్పు లేచిపోతే అందరూ కప్పు వెనకాల పరిగెత్తారు గానీ, ఆమె జల్లెడలో మాత్రం ఒక్క గింజ బెదరలేదని చెప్పుకునేవాళ్లు. అందుకే ఆమె అసలు పేరు ఇంట్లో వాళ్లు కూడా మర్చిపోయారు.

అది కాయల్లో గుడ్లు పెట్టే ఈగల్ని అరికట్టడానికి ఈగల్నే తయారుచేసే ఫ్యాక్టరీ. కొత్తవాళ్లకి చెబితే నవ్వేవాళ్లు. పురుగుల గది చూపిస్తే ఆ నవ్వు కాస్తా పోయి రెండు రోజులు అన్నం సహించేది కాదు. తవుడూ చక్కెరా కలిపిన ముద్దలో లక్షల పురుగులు బలిసేవి. బలిసిన పురుగు మూతీ తోకా కలిపి విల్లులా వంగి, టప్పున ఎగిరి కింద రంపపుపొట్టులో పడేది. లక్ష టప్పులు కలిస్తే నడివేసవిలో కూడా ఆ గదిలో వాన కురుస్తున్నట్టుండేది. పొట్టులో పడ్డ పురుగు ఒళ్లు బిగించుకుని గింజయ్యేది. దానికి చదువుకున్నవాళ్ల పేరు వేరే ఏదో ఉంది గానీ, జల్లించేవాళ్లకి అది గింజే. గోధుమరంగు గింజలో మగ ఈగ, తెల్ల గింజలో ఆడ ఈగ. అలా రంగు తేడా వచ్చేలా ఎన్నో ఏళ్లు కష్టపడి ఆ జాతిని పెంచారు. బయటి ఈగకి ఆ తేడా ఉండదు, ఆడైనా మగైనా గోధుమరంగే. మిషను రంగు చూసి రెంటినీ వేరు చేసేది. మగవి కిరణాల గదికి వెళ్లి, పిల్లల్ని కనే యోగం పోగొట్టుకుని, దీవి మీదకి వదిలేందుకు తయారయ్యేవి. ఆ మొగుళ్లని కట్టుకున్న బయటి ఆడ ఈగ ఎన్ని గుడ్లు పెట్టినా ఒక్క దాంట్లోంచీ పురుగు రాదు.

"మా ఇంట్లో ఉన్నాయన కూడా ఆ గదికి వెళ్లొస్తే బాగుండేది, ఏడుగుర్ని కనే పని తప్పేది," అనేది పెద్దపిన్ని.

మరి తెల్ల గింజలు? వాటిని పెద్ద ఆవిరి డ్రమ్ములో ఉడికించి కోళ్లకి పంపేసేవాళ్లు. "ఇక్కడా ఆడదే చెత్త," అని ఆ మాట మీద కూడా నవ్వేవాళ్లు.

ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం జల్లెడక్క ఆడపడుచు తోటకి వెళ్లింది. అటు వెళ్లి అప్పటికి నాలుగు నెలలైంది. మొగుడి అక్క, ఆ వదిన నోటికి దడిసి సొంత తమ్ముడే అటు వెళ్లడం మానేశాడు, ఇక తమ్ముడి పెళ్లాం సంగతి చెప్పేదేముంది. వదిన తిట్టిందంటే పిందె కూడా పండి రాలుతుందని ఊళ్లో వాడుక. అరవై ఎనిమిది జామచెట్లు పెంచింది ఆ నోటితోనే, ఆ చేతులతోనే.

గేటు మీద నోటీసు అంటించి ఉంది. వదిన దాన్ని చింపలేదు. దాని పక్కనే నిలబడి, దారిన పోయేవాళ్లు చదవడానికి అడ్డు లేకుండా జరిగి మరీ నిలబడి ఉంది.

"వచ్చావా. నువ్వు కూడా చదువుకో," అంది. "నేను దొంగనట. పడవలో పళ్లు తెప్పించుకుని తిన్నానట. అరవై ఎనిమిది చెట్ల కాయ నాకు చాలక."

"నువ్వు తెప్పించలేదని నాకు తెలుసు వదినా."

"నీకు తెలిస్తే సరిపోతుందా? ఆ సంతకం పెట్టినవాడికి తెలియాలి. ఆరేళ్లుగా దీవిలో కాయని పాడుచేసే ఈగ లేదు, కాబట్టి బయటి నించే వచ్చింది, కాబట్టి పురుగు ఎవరి కాయలో ఉంటే వాళ్లే తెచ్చారు. అంతేనట లెక్క. కాళ్లకి బురదుంటే వానకి నువ్వే కారణం అన్నట్టుంది." వదిన చెయ్యి పట్టి లాక్కెళ్లింది. "రా, కళ్లతో చూద్దువుగాని. పురుగున్నదంతా ఆ గోడ వైపు మూడు వరసలే. ఇటు ఒక్క కాయకి మచ్చ లేదు. రేవు ఇటు, పడవలు ఇటు. పడవ దిగిన ఈగకి తోటంతా దాటుకుని ఆ మూలకి పోవాల్సిన అవసరం ఏమొచ్చిందే?"

ఆ గోడ ఫ్యాక్టరీ గోడ.

జల్లెడక్క గోడ పక్క చెట్టు కింద గొంతుక్కూర్చుంది. రాలిన కాయ ఒకటి చేతిలోకి తీసుకుంది. పైన సూదిపోటంత మచ్చ, చుట్టూ కాస్త మెత్తబడింది, అంతే. నొక్కితే లోపలంతా గుజ్జు కదిలింది. కాయని పక్కన పెట్టి, అలవాటు కొద్దీ చెట్టు మొదట్లో మట్టి పిడికెడు తీసి వేళ్ల సందుల్లోంచి జార్చింది. కాయలో బలిసిన పురుగు బయటికొచ్చి దూరేది ఆ మట్టిలోకే. మట్టి జారిపోయింది. అరచేతిలో నాలుగు గింజలు మిగిలాయి.

రెండు గోధుమరంగువి. రెండు తెల్లవి.

"ఏంటే అది? పలకవేం?" అంది వదిన.

"ఏం లేదు," అని జల్లెడక్క పిడికిలి మూసుకుంది. భూమ్మీద తెల్ల గింజ పుట్టే చోటు ఒక్కటే ఉంది, ఆ గోడకి అటువైపు. నెలా పది రోజుల కిందట ఆవిరి డ్రమ్ము చెడిపోతే, బాగుచేసేవాడు ఓడ దిగేదాకా తొమ్మిది రోజులు తెల్ల గింజల్ని ఉడికించలేదు. పాతిపెట్టారు. ఆ గోడ వెనకాలే. పాతింది ఆమే.

మంగళవారం ఆమె బూట్ల సారు గదికి వెళ్లింది. ఫ్యాక్టరీకి ఆయనే పెద్ద. మోకాళ్ల దాకా తెల్ల రబ్బరు బూట్లు వేసుకుంటాడు, పురుగుల గదిలోకి మాత్రం అడుగు పెట్టడు. మూడేళ్లుగా ఆ బూట్లకి మట్టి అంటడం చూసినవాళ్లకి వరం దొరుకుతుందని పెద్దపిన్ని అనేది.

జల్లెడక్క రెండు తెల్ల గింజలు బల్ల మీద పెట్టింది. "మా వదిన తోటలో దొరికాయి సార్. అప్పుడు పాతించారు కదా, అవి పైకొచ్చాయి. మట్టిలో వేస్తే చావవని ఆ రోజే చెప్పాను. మట్టే దాని ఇల్లు సార్. కింద చూస్తే రాయి, జానెడు కంటే గొయ్యి దిగలేదు. జానెడు మట్టి దానికి దుప్పటి."

ఆయన గింజల వైపు చూడలేదు. అలమారలోంచి పుస్తకం తీసి పేజీ తిప్పి ఆమె వైపు తిప్పాడు. "ఇక్కడేం రాసుంది?"

"నాకు చదవడం రాదని మీకు తెలుసు."

"ఉడికించాం అని రాసుంది. తొమ్మిది రోజులూ. పక్కన వేలిముద్ర ఎవరిది?"

"నాదే. మీరు వెయ్యమంటే వేశాను. డ్రమ్ము ఆగిందని పైవాళ్లకి తెలిస్తే మాట వస్తుందన్నారు."

"నేనన్నానా? సాక్షి ఎవరు?" ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది ఆమెకి. "చూడమ్మా. నువ్వు రోజూ ఇక్కడ పనిచేస్తావు. ఇవే బట్టలతో, ఇవే చెప్పులతో బయటికి పోతావు. నిన్న మీ ఆడపడుచు తోటకి వెళ్లావు. తెల్ల గింజలు అక్కడికి ఎలా చేరాయంటే, నీ చీర కుచ్చిళ్లలో చేరాయని నేను రాస్తాను. అప్పుడు తోటతో పాటు నువ్వూ పోతావు. నోరు మూసుకుంటే నీ పని నీకుంటుంది. ఇక్కడ నలభై మంది ఆడవాళ్లు బతుకుతున్నారు, వాళ్ల సంగతి ఆలోచించు. మీ వదినకి కొత్త మొక్కలు ఇప్పిస్తాను, సరేనా? జామ ఎంతలో కాపుకొస్తుంది, మూడేళ్లు."

ఆయన చిటికెన వేలితో రెండు గింజల్నీ బల్ల మీంచి చెత్తబుట్టలోకి తోసేశాడు.

ఆమెకి కోపం రావడం తక్కువ. వస్తే ఎక్కడికి పోతుందో ఆమెకే తెలీదు కాబట్టి రానిచ్చేది కాదు. గది దాటాక అడుగులు వాటంతటవే పరుగందుకున్నాయి. భయమనుకుంది. జల్లెడ బల్ల దగ్గరికి వచ్చి జల్లెడ పట్టుకున్నాక తెలిసింది, అది భయం కాదు. చెక్క చట్రం ఆమె పట్టుకి చిటపటమంది. గింజలు అంచు దాటి నేల మీద చెల్లాచెదురయ్యాయి. నలభై మందీ పని ఆపి చూశారు.

"ఏమైందే తల్లీ?" అంది పెద్దపిన్ని.

"నా కుచ్చిళ్లలో చేరాయట," అంది జల్లెడక్క. నేల మీద గింజల్ని ఒక్కొక్కటే ఏరింది, ఏరుతున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం అందరూ అన్నాలకి లేచినప్పుడు జల్లెడక్క తన డబ్బా విప్పలేదు. పాత జల్లెడా ఒక గరిటా పట్టుకుని గోడ వెనక్కి వెళ్లింది. అక్కడ గడ్డి మిగతా చోట్ల కంటే పచ్చగా ఉంది. ఆ పచ్చదనం చూసి కూడా ఒళ్లు మండింది. గరిటెతో పై మట్టి గీకి జల్లెడలో వేసి, మోకాళ్ల మీద కూర్చుని ఊపింది.

మట్టి దిగిపోయేసరికి జల్లెడ నిండా తెల్లగా మిగిలింది. ఊదితే ఎగిరేంత తేలిక. గింజలు కావు, గుల్లలు. ఒకటి గోటి మీద పెట్టుకుని ఎండకి ఎత్తి చూసింది. కొస దగ్గర గుండ్రంగా, కుండ మూత జరిపినట్టు తెరుచుకుని ఉంది. లోపల ఏమీ లేదు. అది ఎలా తెరుచుకుంటుందో ఆమెకి తెలుసు. పుట్టబోయే ఈగ నుదుటి మీద బుడగ ఒకటి ఉబ్బిస్తుంది. ఆ బుడగతోనే మూత తన్నేస్తుంది, ఆ బుడగతోనే మట్టిని తోసుకుంటూ వెలుతురులోకి వస్తుంది. పనిలో చేరిన కొత్తలో అది చూసి, ఇంత ప్రాణికి ఎంత పంతం అనుకుంది. ఇప్పుడు లక్ష పంతాలు ఆ గోడ దాటి వెళ్లాయి.

వెనక అలికిడైంది. పెద్దపిన్ని, చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"తొమ్మిది రోజులు ఇక్కడ పాతావని నాకు తెలుసు," అంది పెద్దపిన్ని. "ఇది బయటపడితే ఫ్యాక్టరీ మూస్తారు. నా ఇంట్లో పొయ్యి ఆరుతుంది. ఆలోచించావా?"

"ఆలోచించాను."

"ఆలోచించే తవ్వుతున్నావా?"

"ఆ."

పెద్దపిన్ని జల్లెడలోకి తొంగి చూసింది. చేతిలో ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. "ఈ మూలది పైపైన గీకావు. లోపల ఇంకా ఉంటాయి," అని, కొంగు బిగించి పక్కన కూర్చుంది. తర్వాత తిట్టింది. గరిటెడు మట్టికి ఒక తిట్టు చొప్పున, బూట్ల సారుని కొన్ని, జల్లెడక్కని కొన్ని, సమానంగా పంచింది.

గురువారం పొద్దున జల్లెడక్క తోటకి చేరేసరికే రంపం మిషను చప్పుడు మొదలైంది. గేటు పక్క మొదటి చెట్టు పడిపోయింది. పచ్చికాయలు రోడ్డు దాకా దొర్లాయి. వదిన అరవడం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, రెండో చెట్టుకి వీపు ఆనించి నిలబడి ఉంది. అరవని వదినని ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు, కోసేవాళ్లు ఆమె వైపు చూడకుండా రంపానికి నూనె పోసుకుంటున్నారు.

తనిఖీ అధికారి ఒక పక్కన నిలబడి జేబుకత్తితో కాయలు కోస్తున్నాడు. బక్కపలచటి ముసలాయన, పెద్ద ఓడలో నిన్ననే దిగాడు. కోసిన ప్రతి కాయకీ పుస్తకంలో గీత పెడుతున్నాడు. పక్కనే బూట్ల సారు గొడుగు పట్టి, ఆయనకి ఎండ తగలకుండా చూస్తున్నాడు.

జల్లెడక్క తిన్నగా వెళ్లి, కొట్టేసిన చెట్టు మొద్దు మీద తన జల్లెడ పెట్టింది. మీద కప్పిన గుడ్డ తీసింది.

"ఇవి చూసి, తర్వాత రెండో చెట్టు కొట్టండి సార్," అంది. "మా ఫ్యాక్టరీ గోడ వెనకాల తవ్వాను. మా వదిన ఏ పళ్లూ తేలేదు. ఈగ పడవలో రాలేదు, గోడ దూకి వచ్చింది."

"ఈవిడ ఈ తోటామె మరదలండి," అన్నాడు బూట్ల సారు నవ్వుతూ. "కుటుంబం కదా. అవి మా చెత్తే, కాదనను. తెల్లవాటిని ఉడికించి, కోళ్లకి పంపగా మిగిలినవి అక్కడ పారేస్తాం. పుస్తకంలో రోజువారీ రాసుంటుంది, ఉడికించినట్టు ఈవిడ వేలిముద్ర కూడా ఉంది."

తనిఖీ ఆయన ఆమె వైపు చూశాడు. "ఉడికించారా, లేదా?"

"పుస్తకం సంగతి నాకు తెలీదు, చదువు రాదు. గుల్లనే అడగండి," అంది జల్లెడక్క. ఆమె గొంతు ఎంత మామూలుగా ఉందో, జల్లెడ అంచు పట్టుకున్న వేళ్లు అంత తెల్లబడ్డాయి. "ఉడికింది మూత తియ్యదు సార్. లోపల చచ్చి మూసుకునే ఉంటుంది. ఇవి చూడండి. తలుపు తీసుకుని వెళ్లిపోయాయి."

ఆయన కత్తి మడిచి జేబులో పెట్టాడు. మెళ్లో దారానికి వేలాడే భూతద్దం తీసి, మొద్దు పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఒక్కొక్క గుల్లా తీసి, తెరిచినవి ఒక పక్క, మూసినవి ఒక పక్క పేర్చడం మొదలుపెట్టాడు. రంపం ఆగింది. గొడుగు నీడ ఆయన మీంచి మెల్లగా జరిగి ఎటో పోయింది. నూరు లెక్కపెట్టడానికి ఆయనకి పావుగంట పట్టింది, ఆ పావుగంటా వదిన చెట్టుకి ఆన్చిన వీపు తియ్యలేదు.

"నూటికి ఎనభై ఏడు తెరిచి ఉన్నాయి," అన్నాడు. "కానీ ఇవి దాదాపు అన్నీ ఆడవి. జతకి మగవి ఎక్కడివి?"

"మిషను కన్నుకి మసకలుంటాయి సార్. వందకి ఆరేడు గోధుమవి తెల్లవాటిలోనే పడిపోతాయి. కిరణాల గదికి వెళ్లని మొగాళ్లు. వాటికి ఏ లోపమూ లేదు. కావాలంటే ఈ తోట కాయల్లో పురుగుల్ని డబ్బాలో పెట్టి వారం ఆగండి, తెల్ల గింజలు తేలతాయి. ఈ చెట్టు కింద నేను చూశాను."

"పెడతాను," అన్నాడాయన. లేచి బట్టలు దులుపుకుని బూట్ల సారు వైపు తిరిగాడు. "ఉడికించే డ్రమ్ము ఎన్నాళ్లు ఆగింది?"

బూట్ల సారు గొడుగు మడిచాడు. "చిన్న రిపేరండి. అయినా వేలిముద్ర..."

"అదీ అడుగుతాను." ఆయన జల్లెడక్క వైపు చూశాడు. "వేలిముద్ర నీదేనా?"

"నాదే."

"ఉడికించకుండానే ఉడికించామని వేశావు. అబద్ధమని తెలుసా?"

ఆ మాటకి ఒక్క క్షణం ఆమెకి అందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. బూట్ల మీద, గొడుగు మీద, నేల మీద కూర్చుని మర్యాదగా లెక్కపెట్టిన ఈ ముసలాయన మీద కూడా. పుస్తకం రాసేది వాళ్లు, చదివేది వాళ్లు, వేలు మాత్రం తనది.

"తెలుసు," అంది. "రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. చాలాసేపు రాశాడు. తర్వాత చదివి వినిపించాడు. పళ్లు తెచ్చిందన్న నేరం కొట్టేశారు, చెట్లు కొట్టకూడదు. కానీ పురుగు పాకకుండా తోటలో కాయన్నది లేకుండా కోసి, చెయ్యి పొడుగు లోతున పాతిపెట్టాలి. ఫ్యాక్టరీ ఆ పూట నుంచే మూత. వేలిముద్ర వేసినావిడకి మళ్లీ అక్కడ పని లేదు. బూట్ల సారు సంగతి పైవాళ్లు చూస్తారు. ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు కాస్త తగ్గింది. పైవాళ్లు ఎలా చూస్తారో ఆయనకీ తెలిసినట్టే ఉంది.

బండ్లు వెళ్లిపోయాయి. పడిన చెట్టు ఆకులు అప్పుడే వాడుతున్నాయి. వదిన రెండో చెట్టు దగ్గర్నించి కదిలి, మొద్దు మీదున్న జల్లెడని కిందపెట్టి అక్కడ కూర్చుంది.

"ఎన్ని రోజులు పాతావు?"

"తొమ్మిది."

"బతుకుతాయని తెలిసే పాతావా?"

జల్లెడక్క నిలబడే ఉంది. సారు చెప్పాడని అనొచ్చు. గొయ్యి దిగలేదనొచ్చు. "తెలిసే," అంది. "ఒక్కసారి చెప్పాను, వినలేదు. రెండోసారి చెబితే పని పోతుందని నోరు మూసుకున్నాను. గోడకి ఇటు పక్క నువ్వున్నావని కూడా తెలుసు."

వదిన లేచింది. చెయ్యి కూడా లేచింది. లేచిన చెయ్యి గాల్లో అలాగే కాసేపు ఉండి, పక్కనే చెట్టుకి ఆనించి ఉన్న పారని పట్టుకుంది. పారని మరదలి కాళ్ల ముందు పడేసింది.

"తొమ్మిది రోజులు పాతావు కదా. తొమ్మిది రోజులు ఇక్కడ తవ్వు," అంది. "ఎలాగూ నీకు ఇంక తీరికే. కాయలు నేను కోస్తాను. నా కాయని నువ్వు ముట్టుకోవద్దు."

జల్లెడక్క పార తీసుకుంది. గోడ పక్కన, మూడో వరసకి ఇవతల, మొదటి వేటు వేసింది. ఇటువైపు మట్టి మెత్తన, ఏళ్ల తరబడి వదిన ఎరువేసి పెంచిన మట్టి. బూట్ల సారుని తలుచుకుని ఒక వేటు, బల్ల మీంచి గింజల్ని తోసిన చిటికెన వేలిని తలుచుకుని ఒక వేటు, తన బొటనవేలిని తలుచుకుని రెండు. వెనక నుంచి కాయలు బుట్టలో పడుతున్న చప్పుడు, ఏడాది కాపు, ఒక్కొక్కటీ వినిపిస్తూనే ఉంది. ఆమె తిరిగి చూడలేదు. చెమట కళ్లలోకి కారింది. నడుము పట్టేసింది. గొయ్యి మోకాలు దాటాక ఆగి పారకి ఆనుకుంది.

వదిన బుట్ట దించి వచ్చింది. చీర కట్టు చూసుకోకుండా మట్టి మీద బోర్లా పడుకుని, గోతిలోకి భుజం దాకా చెయ్యి దించింది. వేళ్లు ఆడించి చూసుకుంది.

"అడుగు తగులుతోంది," అంది, తల ఎత్తకుండానే. "ఇంకా తవ్వు."